నూట పద్దెనిమిదో దారం

అబద్ధమాడింది మీరే. సముద్రం కాదు, తుపాను కాదు, యంత్రమూ కాదు. పొద్దున్నే బోర్డు ముందు నిలబడి "నిన్న నా పని అయిపోయింది, ఇవాళ అడ్డంకులేం లేవు" అని చెప్పి పచ్చ చుక్క పెట్టిన ప్రతి ఒక్కరూ అబద్ధమాడారు. మొత్తం అరవై నాలుగు జట్లు. నాది నలభై ఒకటి. నేనూ ఆడాను. అందుకే నా లాగ్‌ని ఏమీ దిద్దకుండా మీ గోడల మీద అంటిస్తున్నాను. చింపేవాళ్లు చింపండి. చదివాక చింపండి.

విడత 9, పక్షం 1, రెండో రోజు

పొద్దున్న ఫిల్టరు గీకితే చారెడు ఉప్పొచ్చింది. మా బిల్డింగు కింది అంతస్తు పోయి పదకొండేళ్లయింది. ఒకటో అంతస్తు బాల్కనీ నుంచే పడవెక్కాలి. పడవవాడు నా మెడలో కార్డు చూసి "ఇవాళ దారాల పండగంట కదండీ" అన్నాడు. ఊళ్లో వాళ్లకి కూడా తెలిసిపోయింది.

దారాల పండగ అంటే మా ప్లానింగు. ఐదు పక్షాలు ఒక విడత. విడత మొదట్లో అరవై నాలుగు జట్లూ మెరక మీద పెద్ద హాల్లో కలుస్తాయి. ఒక్కో జట్టుకీ గోడ మీద ఒక చార్టు. మా జట్టు పని మీ జట్టు పని మీద ఆధారపడితే రెండు చార్టుల మధ్యా ఎర్ర దారం కట్టి, దానికో నంబరు బిళ్ల తగిలిస్తాం. ఎవరు లేకుండా ఎవరి పని నడవదో చిన్నపిల్లలకి కూడా కనబడాలని ఎవరో బుద్ధిమంతులు మొదలుపెట్టిన పద్ధతి. మంచి పద్ధతే.

పాడుచేసింది ఆ తర్వాత వచ్చినవాళ్లు. దారాలు ఎక్కువున్న జట్టుని వేదిక మీదకి పిలిచి సంజాయిషీ అడగడం మొదలైంది. "మీరు స్వతంత్రంగా ఎందుకు లేరు?" ఇక ఏముంది, దారం ఉండడమే నామోషీ అయింది. దారం తగ్గించుకుంటే చప్పట్లు. జట్లన్నిటినీ కలిపి మేం రైలు అంటాం, దాన్ని నడిపించే సారథి హరనాథ్‌గారి చేతిలో ఒక వెండి కత్తెర. జట్లు ఒప్పుకోగానే వచ్చి కత్తిరిస్తారు. రిబ్బను కత్తిరించే మంత్రిలాగా.

నూట పద్దెనిమిదో దారం మాకూ పన్నెండో జట్టుకీ మధ్య ఉంది. వాళ్లు సముద్ర మట్టం కొలుస్తారు. ఆ కొలత చూసుకుని మేం కట్ట మీది ఇరవై రెండు గేట్లకీ దిగమనో లేవమనో చెబుతాం. వాళ్ల మాట మాకు చేరకపోతే మా పనికి అర్థమే లేదు.

హరనాథ్ మా చార్టు దగ్గర ఆగారు.

"అరుంధతిగారూ, మీకు ఆరు దారాలున్నాయి. కాస్త ఎక్కువ కదూ?"

"పని అలాంటిది సార్."

"పని అలాంటిదే. మనమే దాన్ని చిన్నచిన్న ముక్కలు చేయాలి. మీరిక్కడ కంప్యూటర్లో ఒక డమ్మీ సముద్రం పెట్టుకోండి, అక్కడ వాళ్లు ఒక డమ్మీ గేటు పెట్టుకుంటారు. ఎవరి పరీక్ష వాళ్లది. అప్పుడిక ఈ దారంతో పనేముంది?"

పన్నెండో జట్టు నుంచి రెహానా అనే అమ్మాయి నావైపు చూసింది. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఇద్దరం తలూపాం. కత్తెర టక్కుమంది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇది రాసిపెట్టుకోండి.

విడత 9, పక్షం 2, ఐదో రోజు

నా డమ్మీ సముద్రం బంగారుతల్లి. ఉగ్రంగా ఉన్నంతసేపూ నిమిషానికోసారి "మూడు మీటర్లు, మూడు మీటర్లు" అని అరుస్తుంది. శాంతించగానే ఊరుకుంటుంది. తొంభై ఆరుసార్లు పరీక్ష పెడితే తొంభై ఆరుసార్లూ గేట్లు దిగాయి, లేచాయి. కాయితం మీద. పచ్చ చుక్క పెట్టేశాను.

ఒక లాంఛనం మిగిలింది. వాడేవాళ్లు ఒప్పుకున్నట్టు వేలిముద్ర కావాలి. గేట్లని వాడేది లస్కర్లు. కట్ట మీద కాపురముండి, పోటుకి దించి, పాటుకి ఎత్తుతూ, చేత్తో చక్రం తిప్పే మనుషులు. పదిహేడో గేటు దగ్గర పడవ దిగాను. అక్కడి లస్కరు మల్లాడి నూకాలమ్మ. అరవై దాటిన మనిషి. చక్రానికి గ్రీజు రాస్తోంది.

"ఏమ్మా, మీ మిషను నా గేటు ఎప్పుడైనా దించిందా?"

"దించింది నూకాలమ్మగారూ. తొంభై ఆరుసార్లు."

"ఎప్పుడూ? నేనిక్కడే ఉన్నాను కదా, సూళ్లేదే!"

"ఇక్కడ కాదండీ. ఆఫీసులో."

"ఓహో. ఆఫీసులో సముద్రం కూడా ఉందేంటి?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. గ్రీజు చేతులు చీర చెంగుకి తుడుచుకుని, వెనక్కి తిరిగి లంక చూపించింది. పీతల్లంక. మూడొందల పన్నెండు కొంపలు. సముద్రం కన్నా పల్లంలో ఉన్నాయి. కట్టకి అవతల నీళ్ల మీద పడవ కనబడుతోంది, ఇవతల ఇళ్ల చూరులు కనబడుతున్నాయి. రెండూ ఒకే ఎత్తులో.

"విడత ఆకర్రోజున నా చక్రం కోసేత్తారంటగా. నిజమేనా?"

నిజమే. పాతది చేతికి అందుబాటులో ఉంటే కొత్తదాని మీద నమ్మకం కుదరదట, అందుకని చక్రాల ఇరుసులు గ్యాసు కట్టరుతో కోసేస్తారు. అది యాభై ఎనిమిదో జట్టు కార్డు, అంటే వాళ్లకి రాసిచ్చిన పని.

"అయితే నా గేటు ఒక్కసారి నా కళ్లెదర దించి సూపించండి. అప్పుడేత్తాను ముద్ర."

"అది మా కార్డులో లేదండీ."

"మరి నా ముద్ర మీ కార్డులో ఎలాగుందమ్మా?"

వేయలేదు. పద్దెనిమిదో గేటు దగ్గర ఆవిడ తమ్ముడు కొండయ్య లస్కరు. ఆ గేటు వెనక ఉన్నది జీడిలంక. అతను అడక్కుండానే వేలు చాపాడు. "మీరు సదూకున్నోళ్లు. సూసే ఉంటారు కదండీ" అన్నాడు.

ఇరవై ఒక్క ముద్రలు. తొంభై శాతం దాటితే కార్డు పచ్చ.

విడత 9, పక్షం 3, మొదటి రోజు

ఆఫీసులో సముద్రం ఉందా అన్న మాట వారానికి పైగా చెవిలో గింగిరాలు తిరిగింది. ఉండబట్టలేక రెహానాకి ఫోన్ చేశాను. దారం తెగిపోయాక వేరే జట్టుతో మాట్లాడితే అది "అనధికార సమన్వయం". భోజనం టైములో చేశాను.

"రెహానా, మీ కొలత మాకు ఎంతసేపటికోసారి వస్తుంది?"

"మారినప్పుడల్లా అక్కా."

"మారకపోతే?"

"మారకపోతే ఏం పంపుతాం? ఒకసారి చెప్పేశాం కదా. మా డమ్మీ గేటు మళ్లీ చెప్పేదాకా గుర్తు పెట్టుకుంటుంది."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"అక్కా? ఉన్నావా?"

"మా దాంట్లో పది నిమిషాలు ఏ కొలతా రాకపోతే సముద్రం శాంతించినట్టు. గేట్లు ఎత్తేస్తాం."



చదివేవాళ్లలో కంప్యూటరు పని తెలియనివాళ్లు ఉంటే విడమరిచి చెబుతాను. పోటు పెరుగుతున్నంతసేపూ అంకె మారుతూ ఉంటుంది. వాళ్లు చెబుతూ ఉంటారు, మేం గేట్లు దించుతాం. పోటు పతాకస్థాయికి చేరి నిలబడినప్పుడు అంకె మారదు. వాళ్లు మౌనం. మౌనం అంటే వాళ్లకి "ఇందాక చెప్పిందే". మాకు "ప్రమాదం తప్పింది". సముద్రం నడినెత్తి మీద నిలబడ్డ ఆ పదో నిమిషాన ఇరవై రెండు గేట్లూ పద్ధతిగా, మర్యాదగా పైకి లేస్తాయి.

వాళ్లది తప్పా? కాదు. మాది తప్పా? కాదు. వాళ్ల పరీక్షలన్నీ పచ్చ, మా పరీక్షలన్నీ పచ్చ. తప్పు మా ఇద్దరి మధ్యా ఉంది. అక్కడే ఒక దారం ఉండేది.

విడత 9, పక్షం 3, మూడో రోజు

అడ్డంకి కార్డు వేయబోయాను. ఏ దారానికి చెందినదో కంప్యూటరు నంబరు అడిగింది. 118 కొట్టాను. "ఈ దారం విజయవంతంగా తొలగించబడింది" అని వచ్చి కార్డు మూసుకుపోయింది. హరనాథ్ దగ్గరికి వెళ్లాను. కోపం తెచ్చుకోడు ఆ మనిషి. అదే ఒళ్లు మండిస్తుంది.

"మీ ఆవేదన నాకు అర్థమైంది అరుంధతిగారూ. దాన్ని ఒక కార్డుగా మార్చండి."

"కార్డు తీసుకోవట్లేదు సార్."

"ఎందుకంటే అది ఏ జట్టు పనీ కాదు. ఏ జట్టుదీ కానిది పనెలా అవుతుంది?"

"మునిగేవాళ్లు ఏ జట్టు సార్?"

"చూశారా, ఇది సంభాషణకి దోహదం చేసే భాష కాదు."

సరిచేయడానికి ఎంత పని? రెహానా వైపు రెండు రోజులు, నా వైపు రెండు రోజులు. కానీ రెండూ ఒకేరోజు యంత్రంలోకి ఎక్కాలి. వాళ్ల జట్టుకి ఐదో పక్షంలో ఖాళీ. మా జట్టుకి వచ్చే విడతలో. అప్పటిదాకా అన్నీ ఇలాగే ఉంటాయి. ఒక్క చక్రాలు తప్ప. వాటి కోత తేదీ మాత్రం మారదు.

విడత 9, పక్షం 4, పదో రోజు

పక్షం ఆఖరి సమీక్ష. "ఏం మెరుగవ్వాలి" అన్న గోడ మీద చీటీలు అంటించి ఓట్లేశాం. నేను రాసింది: "చక్రాలు కోయకండి. నిజం గేటు, నిజం నీళ్లు, ఒక్క పౌర్ణమి పోటుకి పరీక్ష పెట్టేదాకా ఆగండి." మూడు ఓట్లు. టీలో చక్కెర తగ్గించాలన్న చీటీకి నలభై నాలుగు.

మా జట్టు కుర్రవాళ్లు చుట్టూ చేరారు. "అక్కా, మన వేగం పడిపోతుంది." "అక్కా, ఇప్పుడు ఎర్ర చుక్క పెడితే డెమోలో మన పేరుండదు." మంచి పిల్లలే. ఒక్కొక్కరినీ విడదీసి చూస్తే అందరూ మంచివాళ్లే. అదే నా గొడవ!

"అయితే పెద్ద పనులు ఎలా చెయ్యమంటావు, పాతకాలంలాగా ఐదేళ్లు కాయితాలు రాసుకుంటూ కూర్చోమంటావా?" అని మీరంటారు. అంటారని తెలుసు. వినండి. ఏడుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, చేసిన కాస్తంత పనీ పక్షానికోసారి వాడేవాడి ముందు పెట్టి, తప్పంటే దిద్దుకోవడం, మనిషి కనిపెట్టిన మంచి పనుల్లో అదొకటి. నేను ఇరవై ఆరేళ్లుగా అలా పనిచేస్తున్నాను, దాన్ని ఎవడు తిట్టినా ఊరుకోను. మీరు దాన్ని పెంచలేదు. అరవై నాలుగు బల్లలు వేశారు, అంతే. బల్లలు పెరిగాయి, వాడేవాడు గుమ్మం బయట నిలబడిపోయాడు. అతని బదులు డమ్మీ వచ్చింది. పెద్ద పనిలో కష్టమంతా బల్లకీ బల్లకీ మధ్య ఉంటుంది. ఆ మధ్యనే మీరు కత్తెర పెట్టారు. మెరక మీద ఉన్నవాళ్లు చుక్కలు పెడతారు, పల్లంలో ఉన్నవాళ్లు వేలిముద్రలు వేస్తారు. ఈ ఏర్పాటు పాతదే. పేర్లే కొత్తవి.

విడత 9, పక్షం 5, పదో రోజు

డెమో. హాల్లో పెద్ద తెర మీద ఇరవై రెండు గేట్లు నీలంనీళ్లలోకి హాయిగా దిగాయి. ఆ సముద్రం నాదే. నా డమ్మీకి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మధ్యలో లేచి పడవెక్కాను. అప్పటికి పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా, ఒకటి నుంచి పదహారు దాకా చక్రాలు కోసేశారు. పదిహేడు దగ్గర పీతల్లంక ఆడవాళ్లు యాభై మంది చక్రం చుట్టూ బైఠాయించారు. నూకాలమ్మ చక్రం ఊచల మధ్య కాళ్లు దూర్చి కూర్చుంది. ఎదురుగా గ్యాసు కట్టరు పట్టుకుని యాభై ఎనిమిదో జట్టు మేస్త్రీ జిలానీ.

"లెగమ్మా, ఇదొక్కటే మిగిలింది. పొద్దుగూకేలోగా కార్డు పచ్చ అవ్వాల."

"కోసుకో. నా కాళ్లతో కలిపి కోసుకో."

"నీ కాళ్లు నా కార్డులో లేవమ్మా తల్లీ!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. జిలానీ కూడా నవ్వాడు. తర్వాత కాసేపు కట్టకి అవతల నీళ్లు చూశాడు, ఇవతల ఇళ్లు చూశాడు. నా మెడలో కార్డు చూశాడు.

"మేడమ్, నిజం చెప్పండి. మీ మిషను పంజేత్తదా?"

ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎవరూ నన్ను ఇంత సూటిగా అడగలేదు.

"చెయ్యదు. పోటు నిలబడితే గేట్లు లేస్తాయి."

జిలానీ ఫోను తీశాడు. పదిహేడో గేటు కార్డు మీద వేలు నొక్కాడు. పచ్చ.

"కోసేశాను. మీరు చక్రం ఉంచుకోండి. ఎవడు చూడొచ్చాడు?"

 మరుక్షణం కొండయ్య గుర్తొచ్చాడు. పద్దెనిమిదికి పరిగెత్తాను. అతను ఇరుసు మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. కోసిన చోట ఇంకా వెచ్చగా ఉంది. చెప్పాల్సింది చెప్పాను. నన్నొక్క తిట్టు తిట్టలేదు. "మీరు సూడలేదా అయితే?" అన్నాడు. అంతే.

విడత 10, పక్షం 1, మూడో రోజు

సెలవులతో కలిపి మన పక్షానికి పద్నాలుగు రోజులు. చంద్రుడి పక్షం ఇంకాస్త ఎక్కువ. మన క్యాలెండరుతో ఆయనకి పని లేదు. పౌర్ణమి పోటు ఇవాళ పడింది, పైన తూర్పుగాలి.

పదకొండూ ఇరవైకి గేట్లు దిగాయి. హాల్లో ఈలలు. పదకొండూ నలభైకి మట్టం మూడు మీటర్ల పది దగ్గర నిలబడింది. నేను గడియారం చూస్తూ అరుస్తున్నాను. "కూర్చోండి అరుంధతిగారూ" అంటున్నారు. పదకొండూ యాభైకి ఇరవై రెండు గేట్లూ లేవడం మొదలుపెట్టాయి. తెర మీద పచ్చగా. పద్ధతిగా. మర్యాదగా.

పదిహేడు దగ్గర నూకాలమ్మ, గేటుకి తగిలించిన కొత్త మోటారు కొక్కెం ఊడదీసింది. నలభై మంది చక్రం పట్టుకుని తిప్పారు. గేటు దిగింది. పీతల్లంకలోకి మోకాలి లోతు నీళ్లొచ్చి ఆగిపోయాయి.

పద్దెనిమిది దగ్గర తిప్పడానికి ఏమీ లేదు.

అందరికన్నా ముందు కదిలింది రెహానా. ఎవరినీ అడక్కుండా బల్ల ముందు కూర్చుని, మారని అంకెనే నిమిషానికోసారి తన వేలితో పంపడం మొదలుపెట్టింది. మూడు పది. మూడు పది. మూడు పది. పన్నెండూ పదిహేనుకి గేట్లు మళ్లీ దిగాయి. పోటు తీసేదాకా మూడు గంటలపాటు ఆ అమ్మాయి మంచినీళ్లకి కూడా లేవలేదు.

కానీ ఆ ఇరవై ఐదు నిమిషాలు చాలాయి. జీడిలంకలో నలభై మూడు మంది. మిగతా లంకల లెక్క ఇంకా తేలలేదు. కొండయ్య ఇరుసు మొద్దుకి ఇనప గునపం తాడుతో బిగించి ఉంది. ఒక్కడే తిప్పబోయాడు. శవం గేటు గాడిలో దొరికింది.

విడత 10, పక్షం 1, ఐదో రోజు

ఇవాళ కూడా పొద్దున్నే బోర్డు ముందు నిలబడే స్టాండప్ జరిగింది. అవును, జరిగింది. హరనాథ్ "ఘటన" అన్నారు. అన్ని జట్లవాళ్లూ తలలు వంచుకున్నారు, తర్వాత వరసగా నిన్న ఏం చేశారో చెప్పుకున్నారు. రెహానా మీద విచారణ వేశారు, అనుమతి లేకుండా కొలతలు పంపినందుకు. పన్నెండో జట్టు బోర్డు పచ్చ. మా బోర్డు పచ్చ. ఘటన మీద వచ్చిన నివేదికలో ఒక వాక్యం ఉంది, చూసి రాస్తున్నాను: "పదిహేడవ గేటు అన్ని దశల్లోనూ వ్యవస్థ ఆశించిన విధంగా మూసుకున్నది, కోసివేయబడిన చక్రం లేకున్నను విజయవంతం."

నూకాలమ్మ తమ్ముడి దినాలకి బియ్యం కడుగుతోంది. ఆ వాక్యం చదివి వినిపించాను. బియ్యం కడిగిన నీళ్లు వంచేసింది.

"ఆ కాయితం మీద కూడా నా ముద్ర కావాలంటారా?" అంది.

నేనిక కార్డులు వెయ్యను. గోడకి అంటిస్తున్నాను. ఇవి జరిగేదాకా నలభై ఒకటో జట్టులో నేను ఒక్క చుక్క పెట్టను. మీలో ఎవరు పెడతారో పేరు పేరునా రాసుకుంటాను.

1. ఇరవై ఒక్క చక్రాలూ వచ్చే పౌర్ణమి లోపు తిరిగి బిగించాలి.

2. నిజం గేటు నిజం నీళ్లలో ఒక పూర్తి పోటు, ఒక పూర్తి పాటు చూసేదాకా ఏ కార్డూ పచ్చ కాకూడదు.

3. ప్లానింగు హాల్లో లస్కర్లకి కుర్చీలు వెయ్యాలి. వాళ్లు వద్దంటే ఆగాలి.

4. నూట పద్దెనిమిదో దారం తిరిగి కట్టాలి. రెండు కొసల వాళ్లూ కలిసి పని చూపించాకే ఏ దారాన్నయినా విప్పాలి. ఆ కత్తెర హాల్లోంచి తీసెయ్యాలి.

5. రెహానా మీద విచారణ ఎత్తెయ్యాలి.

6. నా మీద వెయ్యాలి. ఆ డమ్మీ సముద్రం నేను రాశాను. కొండయ్య వేలు నేను పట్టుకున్నాను.

7. నివేదికలో ఆ వాక్యం కొట్టేసి, పదిహేడో గేటు దించిన నలభై మంది పేర్లు రాయాలి.

8. రేపు పొద్దున్న స్టాండప్‌లో, ఎవరూ నిన్న ఏం చేశారో చెప్పకముందు, జీడిలంక నలభై మూడు పేర్లు చదవాలి. మల్లాడి కొండయ్యతో మొదలుపెట్టాలి.